బయట మిగిలిన చుక్క

మా వీధిలో పొద్దున్న ఏడున్నరకి ఇప్పుడెవరూ నంబర్లు పిలవడం లేదు.

కోచ్ పోయి రెండు వారాలైంది. అయినా ఏడూ ఇరవై ఎనిమిదికల్లా మా ఆయన కాఫీ కప్పు పట్టుకుని గ్యారేజీ తలుపు ఎత్తి నిలబడుతున్నారు. ఎందుకండీ అంటే, "ఊరికే, కాస్త గాలికి" అంటారు. జార్జియాలో, ఆగస్టు నెలలో, గాలి! ఆయన దేనికోసం నిలబడ్డారో నాకు తెలీదా? వీధి మొదట్నుంచి "డెబ్భై నాలుగూ!" అని ఒక కేక వినపడాలి. ఈయన ఇక్కణ్ణుంచి "హియర్, కోచ్!" అని గొంతు చించుకోవాలి. ఆరేళ్ళ అలవాటు మరి.

కోచ్ అసలు పేరేమిటో అంత్యక్రియల రోజు చర్చిలో పంచిన కాగితం మీద చూసేదాకా నాకు తెలీదు. ఇక్కడ రాయను కూడా. పేర్లంటే ఆయనకే పడదు. "పేరు మీ అమ్మా నాన్నా ఇచ్చింది. నంబరు నువ్వు సంపాదించుకున్నది" అనేవారు. నలభై ఏళ్ళు బడి కుర్రాళ్ళకి ఫుట్‌బాల్ నేర్పిన తొంభై రెండేళ్ళ మనిషి, నిటారుగా, వెలిసిపోయిన టోపీ పెట్టుకుని, చేతిలో పాత చెక్క గజం బద్ద పట్టుకుని రోజూ పొద్దున్న మా వీధి చుట్టేవారు. ఒక్కో ఇంటి ముందు ఆగి ఆ ఇంటి నంబరు పిలిచేవారు. తలుపు నంబరు కాదు, మనిషి నంబరు. లోపల్నుంచి జవాబు వచ్చేదాకా కదిలేవారు కాదు. పళ్ళు తోముకుంటూ నురగతోనే బయటికొచ్చి "హియర్" అన్నవాళ్ళున్నారు.

మా ఆయనకి డెబ్భై నాలుగు ఇచ్చిన రోజు ఆయన సంబరం చూడాలి. ఆఫీసులో కూడా చెప్పుకున్నారు. ఇక్కడి ఫుట్‌బాల్‌లో, అదే బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటలో, డెబ్భైల నంబర్లు బాగా ఒళ్ళున్న వాళ్ళకిస్తారని పక్కింటి స్వరూప చెప్పాక వారం రోజులు రాత్రిపూట అన్నం మానేశారు. స్వరూపది వరంగల్లు. రోజూ అయిదు మైళ్ళు పరిగెత్తుతుంది. ఆమె నంబరు పదకొండు. ఉత్తరాలు తెచ్చే ఆయనకి ఎనభై. వీధిలో ఇంతమందికి నంబర్లు పంచిన మనిషి నాకు మాత్రం ఇవ్వలేదు. అడిగితే, "ఇంకా చూస్తున్నాను, మ్యామ్" అనేవారు. ఆరేళ్ళు చూశారు!

అసలు ఆయనతో మొదటి పరిచయం నాకే వచ్చింది, అదీ ముగ్గు వల్ల.

మేం ఇక్కడ, కమ్మింగ్ ఊళ్ళో, ఇల్లు కొన్న కొత్త. మా కాలనీ అసోసియేషన్ నుంచి అప్పుడే ఒక ఉత్తరం అందుకున్నాం, గుమ్మం పక్కన పెట్టిన తులసికోట రంగు వాళ్ళు ఒప్పుకున్న రంగుల్లో లేదని. ఆ భయంలో ఉండగానే ఒక శుక్రవారం పొద్దున్న, ధైర్యం చేసి, డ్రైవ్‌వే మీద మెలికల ముగ్గు పెట్టాను. మధ్య వరుస ఏడు, రెండు పక్కలా నాలుగు వచ్చేదాకా సందు చుక్కలు. చేతులు కడుక్కొచ్చి కిటికీలోంచి చూద్దును కదా, ఒక తెల్ల ముసలాయన ముగ్గు దగ్గర నిలబడి, గజం బద్దతో చుక్కలు లెక్కపెడుతున్నారు!

"అయిపోయింది. అసోసియేషన్ వాళ్ళే" అన్నారు మా ఆయన వెనక నుంచి. "వెళ్ళి సారీ చెప్పెయ్. ముందు బకెట్ తీసుకెళ్ళు."

బకెట్ నిండా నీళ్ళతో పరిగెత్తాను. "సారీ సర్, ఇప్పుడే క్లీన్ చేసేస్తాను సర్" అంటూ వంచబోయేసరికి ఆయన గజం బద్ద అడ్డం పెట్టి అరిచారు. ఆయన ఇంగ్లీషుని నేను తెలుగులో రాస్తున్నాను గానీ ఆ అరుపుకి తర్జుమా లేదు.

"ఆగండి! తుడవద్దు! ఎవరు గీశారిది?"

"నేనే, సర్."

"వరుసలో ఏడుగురు. బాగుంది. సరిగ్గా ఉంది. కానీ మొత్తం ముప్ఫై ఏడుగురున్నారు, మ్యామ్! రెండు జట్లూ కలిపినా ఇరవై ఇద్దరికి మించకూడదు. అంపైర్ ఒప్పుకోడు. పైగా బంతి ఎక్కడ?"

ఆట గీసే కాగితాల మీద మనుషుల్ని చుక్కలుగా, వాళ్ళు పరిగెత్తే దారుల్ని గీతలుగా వేస్తారని అప్పటికి నాకు తెలీదు. నా ముగ్గుని ఆయన ఆట అనుకున్నారు. ఆయన్ని నేను అసోసియేషన్ అనుకున్నాను. ఇద్దరం పది నిమిషాలు మాట్లాడుకున్నాక సంగతి అర్థమై, డ్రైవ్‌వే మీద నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఒక్క గీత. ఎక్కడా తెగలేదు. అన్ని చుక్కల్నీ చుట్టి మొదలుకే వచ్చింది. మా కుర్రాళ్ళు నలభై ఏళ్ళలో ఇంత శుభ్రంగా ఒక్కసారీ పరిగెత్తలేదు" అన్నారు. ఆ తర్వాత శుక్రవారం ముగ్గు ఎప్పుడూ మానలేదు నేను. చూసే మనిషి ఉన్నాడు కదా!

ఆయన ఇల్లు మా కాలనీ మొదట్లో, కాలనీకంటే ముందు నుంచీ ఉన్నది. మా ఇళ్ళున్న చోట అప్పట్లో కోళ్ళ ఫారాలుండేవట. గ్యారేజీలో కారు లేదు. గోడకి ఒక తోలు టోపీ వేలాడుతుంటుంది, నడుం విరిగిన కొబ్బరి చిప్పలాగా. అదే ఆయన కుర్రతనంలో పెట్టుకుని ఆడిన హెల్మెట్. మొహానికి అడ్డం కమ్మీ లేదు, ఏమీ లేదు. "మాది పేద బడి. పట్నం వాళ్ళు పారేసినవి మాకొచ్చేవి" అని చెప్పి, ముందు పళ్ళు రెండూ తీసి చూపించారు. కట్టుడు పళ్ళు. నేను కెవ్వుమన్నాను. ఆయనకి అదొక సరదా, కొత్తవాళ్ళొస్తే పళ్ళు తీసి చూపించడం.

అక్కడే ఒక గిన్నెలో ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టారు నా ముందు. "ఇవి మా జార్జియా వాళ్ళకి తప్ప లోకంలో ఎవరికీ తెలీవు" అన్నారు గర్వంగా. రెండు నిమిషాల్లో నా పక్కన పొట్టు కుప్ప ఆయన కుప్పకి రెట్టింపైంది. ఆయన తినడం మానేసి నా వేళ్ళనే చూశారు. "మా ఊళ్ళో బస్టాండులో అమ్ముతారు, కోచ్. పొట్లం కట్టి" అన్నాను. టోపీ తీసి నెత్తి గోక్కున్నారు పాపం.

శనివారాలు ఆయన టీవీ ముందు కూర్చుంటే నేనూ కూర్చునేదాన్ని. ఫుట్‌బాల్ అంటే అంతకుముందు నాకు గుద్దులాట. ఆయన గజం బద్దతో టీవీ మీద కొట్టి మరీ చూపించేవారు. "బంతిని చూడకండి, మ్యామ్! బంతిని అందరూ చూస్తారు. పాదాలు చూడండి. ఎవడు ఎటు పోతున్నాడో పాదాలు చెబుతాయి." నేను పాదాలు చూడటం మొదలుపెట్టాను. అప్పుడు, అబ్బ, ఆ ఆట విప్పుకుంది నాకు! ఒక్కొక్కడూ ఒక్కొక్కణ్ణి పట్టుకోవడం, ఒకడు దారి చేస్తే మరొకడు దూరిపోవడం! నేను సోఫా ఎక్కి అరుస్తుంటే ఆయన చప్పట్లు రెండు కొట్టేవారు. విజిల్ వాడరు ఆయన. జీవితంలో వాడలేదట. మెచ్చుకున్నా, తిట్టినా, ఆపమన్నా రెండు చప్పట్లే.

ఇంకొకటి కూడా వాడలేదు. నలభై ఏళ్ళ కోచ్ ఉద్యోగంలో అసిస్టెంట్ కోచ్‌ని పెట్టుకోలేదు. బడి వాళ్ళు ఎవరినైనా పంపితే వాళ్ళచేత నీళ్ళ కూలరు మోయించి తిప్పి పంపేసేవారట. "ఆట నాది. గీసేది నేను. ఇంకొకళ్ళు చూసి చెప్పేదేముంది?" ఈ మాట మొదట విన్నప్పుడు నవ్వాను. తర్వాత నవ్వలేదు.

వీధిలో అందరికీ నంబర్లు పంచినా ఇరవై రెండు మాత్రం ఎవరికీ ఇవ్వలేదని మా ఆయనే కనిపెట్టారు. కొత్తగా వచ్చిన ఒకాయన కావాలని ఆ నంబరు అడిగితే కోచ్ మొహం ఎర్రబడింది. "అది ఇవ్వను" అని ఇంటికి వెళ్ళిపోయారు. ఒక వానరోజు గ్యారేజీలో కూర్చున్నప్పుడు నేనే అడిగేశాను, "ఇరవై రెండు ఎవరు, కోచ్?" అని.

చేతిలో ఉన్న వేరుశనక్కాయ ఒలిచి పక్కన పెట్టేశారు. తర్వాత ఒక పాత స్పైరల్ నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ప్రతి పేజీలోనూ ఒకటే బొమ్మ. అవే చుక్కలు, అవే గీతలు. పెన్సిలు, పెన్ను, మళ్ళీ పెన్సిలు. ఎన్ని వందల సార్లు గీశారో!

యాభై ఏళ్ళ పైమాట. ఆయన కుర్ర కోచ్. ఆ ఏడాది ఆఖరి పోటీ, ఆఖరి నిమిషం. అవతలి గీతకి నాలుగు గజాల దూరంలో ఉన్నారు. దాటితే గెలుపు. ఆయన తన సొంత ఎత్తు ఒకటి వేశారు, అంతకుముందు ఎవరూ ఆడనిది. అందరూ కుడివైపు పోతున్నట్టు నటించాలి. బంతి మాత్రం ఇరవై రెండో నంబరు కుర్రాడి చేతికొస్తుంది, అతను ఎడమకి తిరిగి పరిగెత్తాలి. లైనులో ఉన్న కుర్రాళ్ళలో ఒకడు, గార్డు అంటారు, తన చోటు వదిలి వాడికి ముందు దారి చేస్తూ పోవాలి. ఇరవై రెండు పరిగెత్తాడు. గీతకి ఒక్క గజం దూరంలో పడిపోయాడు. మోకాలు మెలి తిరిగింది. పోటీ పోయింది.

"ఊరంతా చూస్తుండగా అరిచాను వాడి మీద" అన్నారు కోచ్. "నువ్వు ఆగావు, భయపడి ఒక అడుగు ఆగావు, అన్నాను. వాడు నేల మీద పడుండే అన్నాడు, వెనక నుంచి ఎవడో వచ్చాడు కోచ్, అని. సాకులు చెప్పకు అన్నాను. మర్నాడు జెర్సీ మడతపెట్టి నా గుమ్మం మీద పెట్టి వెళ్ళాడు. మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ కుంటుతాడట. కొండలవైపు, గంటన్నర దూరం. లాన్‌మూవర్లు బాగుచేసే షాపు."

"ఎప్పుడైనా వెళ్ళారా?"

"ఏం చెప్పను వెళ్ళి? వాడు ఆగాడు. లేకపోతే ఇది ఎందుకు పారలేదు? చెప్పండి. ఎందుకు పారలేదు?"

ఆ "ఎందుకు" నన్ను కాదు అడిగింది. యాభై ఏళ్ళుగా ఆ నోటుబుక్కుని అడుగుతున్నారాయన. ఆట తెలిసిన మనిషికి ఎవరికీ ఆ బొమ్మ చూపించలేదు, నామోషీ. నాకు చూపించారంటే నాకు ఆట రాదనే.

ఆ పేజీ అడిగి తీసుకున్నాను. ఎందుకో నాకే తెలీదు. పెద్దది చేసి చూడాలనిపించింది, అంతే. శుక్రవారం పొద్దున్న మామూలు ముగ్గుకి బదులు అది వేశాను. మనవాళ్ళు పదకొండు మంది తెల్ల పిండి చుక్కలు, అవతలి వాళ్ళు పదకొండు మంది కుంకుమ చుక్కలు. స్వరూప పరుగు ఆపి వచ్చింది.

"గిదేం ముగ్గు వదినా? వంకర టింకర పోతుంది?"

"కోచ్ గారి ముగ్గులే" అన్నాను.

కోచ్ వచ్చి గజం బద్ద ఊతంగా పెట్టుకుని నిలబడ్డారు. నేను కాగితం చూస్తూ ఒక్కొక్క తెల్ల చుక్క నుంచీ గీత లాగుతున్నాను. వీడు వీణ్ణి ఆపాలి, వాడు వాణ్ణి. అటు చివర దూరంగా ఉన్న ఎర్ర చుక్కని వదిలేయమన్నారు, వాడు ఎంత పరిగెత్తినా అందుకోలేడని. సరే. గార్డు చుక్క నుంచి పొడుగాటి గీత ఎడమకి లాగాను. ఇరవై రెండు దారి కూడా లాగాను. అయిపోయింది. నడుం పట్టుకుని లేచి చూశాను.

మెలికల ముగ్గు వేసే ఏ ఆడదాన్నైనా అడగండి. గీత అందంగా వచ్చిందా అని చూడం ముందు. చుక్క ఏదైనా బయట మిగిలిపోయిందా అని చూస్తాం. చిన్నప్పుడు ఒక్క చుక్క వదిలేస్తే మా అమ్మ మొత్తం చెరిపించి మళ్ళీ వేయించేది. కన్ను దానంతటదే అక్కడికి పోతుంది. పోయింది!

"కోచ్! ఈ ఎర్రచుక్కని ఎవరు చూసుకుంటున్నారు?"

"వాడు గార్డుకి ఎదురు మనిషి."

"గార్డు లేచి అటు వెళ్ళిపోయాడు కదా! మరి ఇక్కడెవరు?"

కాగితం తీసి చూశాను, మళ్ళీ నేల చూశాను. పక్కనే, లైను నడుమ నుంచి బంతి అందించే సెంటర్ కుర్రాడి చుక్క గీత కూడా ఎడమకే పోయింది. ఆ ఎర్ర చుక్క చుట్టూ ఏ గీతా లేదు. ఎదుట ఖాళీ. ఆ ఖాళీలోంచి సరాసరి ఇరవై రెండు వీపు! "దొరికింది, కోచ్! దొరికింది! చుక్క బయటే ఉండిపోయింది!" అని ఎగిరాను నేను, బుద్ధి లేకుండా. స్వరూప కూడా నాతోపాటు ఎగిరింది, ఏమిటో తెలియకుండానే.

కోచ్ ఎగరలేదు. మెల్లగా వచ్చి ఆ ఎర్రచుక్క మీద నిలబడ్డారు. అక్కణ్ణుంచి గీత ఏదీ లేని చోట అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారు. ఒకటి, రెండు, మూడు. ఏడో అడుగుకి ఇరవై రెండు పడిపోయిన చోటు వచ్చింది. అక్కడే నిలబడిపోయారు. ఆయన బూట్లకి కుంకుమ అంటుకుంది.

"నేను బంతిని చూశాను" అన్నారు చివరికి. "కుర్రాళ్ళకి జీవితమంతా పాదాలు చూడమని చెప్పి, నేను బంతిని చూశాను. వాడు నిజమే చెప్పాడు." బూట్లకంటిన కుంకుమ చూసుకుంటూ, "నాకు ఎక్కడో తెలుసేమో కూడా, మ్యామ్. ఇంత పెద్దదిగా ఎప్పుడూ గీసుకోలేదు" అన్నారు.

తర్వాత రెండు చప్పట్లు కొట్టారు. "ఫోన్ ఇవ్వండి."

ఫోన్ నంబరు ఏ కాగితమూ చూడకుండా చెప్పారు. ఎన్నేళ్ళ నుంచి కంఠతా ఉందో! ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి స్పీకర్ పెట్టాను. అవతల ఏదో మెషిన్ చప్పుడు ఆగింది.

"ఇరవై రెండేనా?" అన్నారు కోచ్.

నేనూ స్వరూపా ఫోన్ మీదికి వంగాం. అవతల ఏదో పనిముట్టు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత మాట వచ్చింది, బొంగురుగా. "హియర్, కోచ్."

"నీ వెనక నుంచి మనిషి వచ్చాడు."

"అవును కోచ్. అప్పుడే చెప్పాను."

"చెప్పావు. నేను వినలేదు. నువ్వు ఆగలేదు. తప్పు నా గీతలో ఉంది. ఊరందరి ముందూ నిన్ను అన్నాను. అది మహా తప్పు. నన్ను క్షమించు."

నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నాను. అవతలాయన ఫోన్ పెట్టేస్తారేమోనని నా భయం.

"ఎవరు కనిపెట్టారు?"

"మా వీధిలో ముగ్గులు వేసే ఆవిడ."

"ఏం వేసే ఆవిడ?"

"అది వచ్చి చూడాలి."

"ఆ వెనక మనిషిని ఎవరు ఆపాలి కోచ్?"

"సెంటర్. సెంటర్ గీతని ఇటు తిప్పాలి. అంతే. అంతే!" ఆయన గొంతులో ఒక్కసారిగా ముప్ఫై ఏళ్ళ మనిషి వచ్చేశాడు. "ఒక్క గీత!"

"ఆదివారం వస్తాను. నేనది చూడాలి" అన్నారు ఇరవై రెండు.

ఆ ఆదివారం మా వీధి చూడాల్సిందే! ఎదురు జట్టుతో కలిపి ఇరవై ఇద్దరు కావాలి. ఆదివారం క్రికెట్ ఆడే అంకుల్స్‌ని బ్యాట్లు లాక్కుని మరీ పట్టుకొచ్చాను. గోంగూర వలుస్తున్న ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఉత్తరాలాయన సెలవైనా వచ్చారు. రోడ్డు చివర గుండ్రటి ఖాళీలో కోచ్ కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆయన చెప్పినచోటల్లా నేను చుక్కలు పెట్టాను. చివర పిండితో పెద్ద గీత. అది దాటాలి.

పాత పికప్ ట్రక్కు ఒకటి వచ్చి ఆగింది. డెబ్భై దాటిన ఆయన దిగారు, ఎడమ కాలు ఈడ్చుకుంటూ. కోచ్ కుర్చీలోంచి లేచారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కరచాలనం లేదు, కౌగిలింత లేదు. కోచ్ ఒక పాత జెర్సీ ఇచ్చారు, ఇన్నేళ్ళూ మడత విప్పనిది. ఇరవై రెండు దాన్ని చొక్కా మీదనే వేసుకున్నారు. పొట్ట దగ్గర ఆగిపోయింది. వీధంతా చప్పట్లు!

సెంటర్‌గా మా డెబ్భై నాలుగు. ఆయన ఆపాల్సిన ఎర్రచుక్క ఎవరు? స్వరూప. ఎవరినీ తోయకూడదు, ఊరికే చేత్తో ముట్టుకుంటే ఔట్ అని నియమం. కోచ్ రెండు చప్పట్లు కొట్టారు. అందరూ కుడికి పరిగెత్తారు. ఇరవై రెండు బంతి పట్టుకుని ఎడమకి తిరిగారు. స్వరూప ఖాళీలోంచి దూసుకొచ్చింది. మా ఆయన అడ్డం వెళ్ళాలా? వెళ్ళారు. సరిగ్గా ఎదురుపడేసరికి, పరాయి ఆడపిల్ల మీద పడినట్టవుతుందని ఏమో, రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, "సారీ అమ్మా, రామ్మా" అని పక్కకి జరిగి దారి ఇచ్చారు!

స్వరూప వెళ్ళి ఇరవై రెండు వీపు తట్టేసింది. గీతకి సరిగ్గా ఒక గజం ఉందనగా.

నాకైతే భూమిలోకి పోవాలనిపించింది. ఇరవై రెండు ఆయాసపడుతూ కోచ్ వైపు తిరిగారు. మొహంలో నవ్వో, యాభై ఏళ్ళ బాధో, రెండూనో.

"కోచ్, వెనక నుంచి ఎవరో వచ్చారు."

"చూశాను!" అన్నారు కోచ్, కుర్చీ పక్కకి తన్నేసి. "ఈసారి చూశాను! నువ్వు ఆగలేదు! తప్పు నీది కాదు!" ఆ మాట ఆయన వీధికంతటికీ వినపడేలా అరిచారు, అప్పుడు ఊరందరి ముందూ అరిచినంత గట్టిగా. తర్వాత గజం బద్ద మా ఆయన వైపు చూపించి, "డెబ్భై నాలుగు! నువ్వు మనిషివా, గేటువా?" అన్నారు. అప్పుడు నవ్వారు అందరూ, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏందన్నా, ఆపమంటే తొవ్వ ఇస్తివి?" అంది స్వరూప. "అడ్డం నిలబడు! నేనేం అనుకోను!"

నేను ఇంట్లోకి పరిగెత్తి సోఫా మీది పెద్ద దిండు తెచ్చి మా ఆయన చేతుల్లో పెట్టాను. "ఇది అడ్డం పెట్టుకోండి. ఇంక మొహమాటం ఉండదు."

మళ్ళీ చప్పట్లు. మళ్ళీ పరుగు. స్వరూప వచ్చి దిండుకి ఢీకొని ఆగిపోయింది. ఈయన కళ్ళు మూసుకుని మరీ నిలబడ్డారు, కదల్లేదు! "పదండి! పదండి సార్!" అని వీధి అంతా తెలుగులో అరుస్తోంది. ఇరవై రెండు కాలు ఈడ్చుకుంటూ, జెర్సీ పైకి లేచిపోయి, బంతి గుండెకి హత్తుకుని పోతున్నారు. నేను కోచ్‌ని చూశాను. ఆయన బంతిని చూడటం లేదు. ఆ ఎర్ర చుక్క దగ్గర స్వరూప పాదాల్నే చూస్తున్నారు, అవి అక్కడే ఉన్నాయా అని. గీత దాటగానే లేచిన కేకకి తలెత్తారు. ఇరవై రెండు గీత అవతల పిండిలో నిలబడి ఉన్నారు, చేతులు రెండూ పైకెత్తి. కోచ్ చప్పట్లు రెండుతో ఆపలేకపోయారు ఆ రోజు.

అందరూ వెళ్ళాక వేరుశనక్కాయలు తింటూ అడిగాను, "ఇప్పుడైనా నాకొక నంబరు ఇవ్వచ్చు కదా, కోచ్?"

"ఆడేవాళ్ళకే నంబరు, మ్యామ్. మీరు ఆడరు."

ఒళ్ళు మండింది నాకు. రెండు శుక్రవారాలు కావాలని చిన్న ముగ్గు వేశాను. ఆయన వాటినీ నిలబడి చూశారు.

తర్వాత ఏడాది పాటు నెలకొకసారైనా ఆ పికప్ ట్రక్కు ఆయన ఇంటి ముందు కనపడేది. ఇద్దరు ముసలాళ్ళూ గ్యారేజీలో కూర్చుని పోట్లాడుకునేవారు. ఈ జులైలో ఒక పొద్దున్న నంబర్లు పిలవలేదు. మా ఆయనే పరిగెత్తుకెళ్ళారు. కోచ్ నిద్రలోనే పోయారు.

ప్రాక్టీసుకి ముందు రోజూ నంబర్లతో హాజరు పిలవడం ఆయన పద్ధతి. చర్చిలోనూ అదే జరిగింది. కోచ్ తన చేత్తో రాసి పెట్టిన కాగితం పట్టుకుని ఇరవై రెండు ముందు నిలబడ్డారు. నెరిసిన తలలు, చేతికర్రలు, ఒక్కొక్క నంబరుకీ ఒక్కొక్క "హియర్". తన నంబరు తనే చదివి తనే పలికారు. మా వీధి నంబర్లు కూడా రాశారు కోచ్! పదకొండు, ఎనభై. డెబ్భై నాలుగు అనగానే మా ఆయన అరిచిన అరుపుకి చర్చి అదిరింది. ఒక్కో నంబరూ పడుతుంటే నేను చీర కొంగు పిసుక్కుంటూ కూర్చున్నాను. నా వంతు రాదని తెలుసు.

ఇరవై రెండు కళ్ళజోడు సర్దుకుని, ఆఖరి వరుస చదివారు.

"అసిస్టెంట్ కోచ్."

బెంచీల్లో గుసగుసలు లేచాయి. "ఆయన జన్మలో పెట్టుకోలేదే!" అన్నారెవరో. ఇరవై రెండు కాగితం దించి, సరాసరి మా వరుస వైపు చూశారు. మా ఆయన మోచేత్తో నన్ను పొడిచారు.

లేచాను. కొంగు భుజాన సర్దుకున్నాను. చర్చి అంతా ఆగింది నాకోసం, గుమ్మం ముందు జవాబు వచ్చేదాకా ఆయన ఆగినట్టే.

"హియర్, కోచ్!" అన్నాను, వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా.